గొడ్ల చావిడిలో ఇటుకపని: మా అనుభవం

(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడిన పెద్దలు మేపు గురించి, టీకాల గురించి, దూడల పెంపకం గురించి చెప్పారు. మమ్మల్ని ఇటుకపని గురించి చెప్పమన్నారు. పాలసంఘంలో తాపీపని ముచ్చటేమిటని కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. మేము మేస్త్రీలం కాము. అన్నదమ్ములం ఇద్దరం ఒకే కాపురంలో ఉండి, నాలుగు గేదెలను మేపుకుంటూ రెండు పూటలా సంఘానికి పాలు పోస్తున్నవాళ్ళం. కాకపోతే ఒకే చావిడిని రెండుసార్లు కట్టినవాళ్ళం. మొదట కట్టినదాన్ని ఎందుకు పగలగొట్టుకోవలసి వచ్చింది, రెండోసారి ఏం నేర్చుకున్నాం, ఆ రెండు సంగతులే మీకు మనవి చేసుకుంటాం.

మాది కృష్ణా డెల్టాలో కాలువ కిందిఊరు. నేల నల్లరేగడి. కొన్నేళ్ళ కిందట మా పాతపాక పడిపోయే స్థితికి వచ్చింది. మట్టినేల, తాటాకు కప్పు, వానాకాలం వస్తే గేదె గిట్టలు కనబడనంత బురద. పాలు పితికేముందు పొదుగు కడిగితే నల్లటి నీళ్ళు దిగేవి. ఒక గేదెకు పొదుగువాపు వచ్చి ఒక చన్ను ఎండిపోయింది కూడా. ఆ ఏడు సంఘం ఇచ్చిన బోనసుకు కొంత అప్పు కలిపి పక్కా చావిడి కట్టించుకున్నాం. మా ఇల్లు కట్టిన మేస్త్రీనే పిలిచి, ఇల్లు కట్టినట్టే కట్టమన్నాం. ఆయన మంచి పనివాడు. రసమట్టం పెట్టి చూస్తే నేలలో నూలుపోగంత తేడా లేదు. పైన సిమెంటు చల్లి, తాపీతో రుద్ది, అద్దంలా మెరుగుపెట్టాడు. చూడవచ్చినవాళ్ళు, మీ గేదెలకు మా ఇళ్ళకంటే మంచి ఇల్లు కట్టారే అన్నారు. మేమూ పొంగిపోయాం.

ఆ శ్రావణమాసంలో ముసురు పట్టింది. మా గేదెల్లో మంచిది, రెండో ఈత చూడి, నెలలు నిండవస్తున్నది. తెల్లవారుజామున మేము చావిడికి వెళ్ళేసరికి అది లేవబోతున్నది. మీకు తెలిసిందే, గేదె లేచేటప్పుడు ముందు వెనకకాళ్ళ మీద లేస్తుంది. ఒంటి బరువంతా ఆ రెండు గిట్టల మీదే పడుతుంది. రాత్రంతా మూత్రం నిలిచి ఉన్న నున్నటి సిమెంటు మీద ఆ రెండు కాళ్ళూ చెరో పక్కకు జారిపోయాయి. మా కళ్ళ ముందే కూలబడింది. పశువైద్యులు వచ్చి తుంటికీలు తప్పిందన్నారు. గోతాలు కట్టి, మోకులు వేసి, పదిమంది సాయం పట్టి లేపేవాళ్ళం. నిలబడలేక మళ్ళీ కూలబడేది. పదకొండోరోజున కడుపులో దూడతో సహా పోయింది. బీమా చేయించి లేదు. మా అమ్మ వారంరోజులు ఆ చావిడి వైపు తొంగిచూడలేదు.

దీనికి మేస్త్రీమీద నెపం వేయడం న్యాయం కాదు. నున్నగా చెయ్యమన్నది మేమే. ఆయనకు ఇల్లు తెలుసు, గేదె తెలియదు. గేదె తెలిసినవాళ్ళం మేము, పక్కనే నిలబడి చూస్తూ నోరు మెదపలేదు. అందుకే ఈ ప్రసంగం. మీరు సొంతంగా ఇటుక పేర్చుకున్నా, మేస్త్రీని పెట్టి చేయించుకున్నా ఏది ఎట్లా ఉండాలో చెప్పవలసినవాళ్ళు మీరే.

చెప్పవలసింది నిజానికి పెద్దగా ఏమీ లేదు. గిట్ట తగిలేచోట గరుకు కావాలి. నాలుక తగిలేచోట నునుపు కావాలి. నీరు పడేచోట వాలు కావాలి. మా మొదటి చావిడిలో ఈ మూడూ తలకిందులుగా జరిగాయి. నేల నున్నగా, మట్టంగా ఉంది. గాడి గరుకుగా, మూలలు పెట్టి ఉంది. ఆ మూలల్లో తవుడు చేరి పులిసి కంపుకొట్టేది.

రెండోసారి కట్టినప్పుడు మూలలు ఎత్తడానికి మాత్రం మేస్త్రీని రెండురోజులు పెట్టుకున్నాం. మిగతా పని ఇంటిల్లిపాదీ చేసుకున్నాం. ఇప్పుడు ఆ పని ఎట్లా చేశామో చెబుతాం.

ముందు నేల సంగతి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలు తీస్తుంది. దానిమీద సూటిగా ఇటుక పేరిస్తే రెండు వేసవులు గడిచేసరికి గోడ మధ్యలో బీట తీయక మానదు. మేము గోడలు వచ్చేచోట రెండడుగుల లోతు తవ్వి, నల్లమట్టి ఎత్తిపోసి, ఇసుక నింపాం. ఇసుకను ఒక్కసారిగా నింపలేదు. అర అడుగు నింపడం, నీళ్ళు పెట్టడం, దిమ్మిస కొట్టడం, మళ్ళీ అర అడుగు. నిలబడేచోట కూడా పైమట్టి తీసి గరుసు పోసి గట్టిగా దిమ్మిస కొట్టాం. చావిడి నేల చుట్టుపక్కల దొడ్డికంటే కనీసం అడుగు ఎత్తుండాలి. లేకపోతే దొడ్డి నీళ్ళన్నీ చావిడిలోకే వస్తాయి. ఎర్రనేలలూ గరపనేలలూ ఉన్న ఊళ్ళవారికి ఈ బాధ ఇంత ఉండదు, వారు అదృష్టవంతులు.

తరువాత ముగ్గు. మూల సరిగ్గా మూలమట్టానికి రావాలంటే ఒక సులువైన పద్ధతి ఉన్నది. ఒక దారం మీద మూల నుంచి 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వస్తే మూల సరిపోయినట్టే. ఎత్తులు చూసుకోవడానికి పారదర్శకంగా ఉండే సన్నపు గొట్టంలో నీళ్ళు నింపి రెండు చివరలా పట్టుకుంటే చాలు. రెండువైపులా నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. గొట్టంలో గాలిబుడగ ఉండకుండా చూసుకోండి. ఉంటే లెక్క తప్పుతుంది. మాకు మొదటిరోజు తప్పింది.

నాలుగు గేదెలను ఒకే వరుసలో కడితే తల ఒక్కింటికి 4 అడుగుల చొప్పున 16 అడుగుల పొడవు కావాలి. గాడి గోడ నుంచి వెనక కాలువదాకా నిలబడే జాగా గేదెకు ఐదున్నర నుంచి ఆరడుగులు. మేము ఆరడుగులు పెట్టుకున్నాం. ఇది మరీ ఎక్కువైతే పేడ కాలువలో పడకుండా నిలబడేచోటే పడుతుంది. మరీ తక్కువైతే వెనకకాళ్ళు కాలువలోకి దిగుతాయి. మీ గేదెల్లో పెద్దదాన్ని నిలబెట్టి టేపుతో కొలుచుకోండి. పుస్తకంలో అంకెకంటే ఆ కొలతే నమ్మదగినది.

ఇటుకల దగ్గరకు వద్దాం. మా ప్రాంతంలో ఊకతో కాల్చిన నాటు ఇటుక దొరుకుతుంది. దాదాపు 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టితే ఖంగున మోగాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. నడుమంత ఎత్తు నుంచి నేలమీదికి వదిలితే పగలకూడదు. ఇంకో పరీక్ష కూడా చేశాం. ఎండిన ఇటుకను తూచి, ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళలో ఉంచి, తుడిచి మళ్ళీ తూచాం. మూడు కిలోల ఇటుక ఆరువందల గ్రాములకు మించి నీరు పీలిస్తే అది చావిడి పనికి రాదు. భారతీయ ప్రమాణాల ప్రకారం మామూలు ఇటుకకు నూటికి 20 వంతులే హద్దు. పాలలో వెన్నశాతం రోజూ చూపించుకునే మనం ఇటుకను మాత్రం రంగు చూసి కొంటున్నాం. ఎర్రగా ఉన్నదల్లా కాలిన ఇటుక కాదు. చావిడిలో రోజూ మూత్రం తగులుతుంది గనుక కాలని ఇటుక రెండేళ్ళలో పొడిపొడిగా రాలిపోతుంది.

లెక్క కూడా చెబుతాం. నిలబడేచోట ఇటుకను పడుకోబెట్టకుండా పక్కకు నిలిపి, అంటే 3 అంగుళాల పక్క పైకి వచ్చేట్టు పరిస్తే చదరపు అడుగుకు నాలుగున్నర ఇటుకలు పడతాయి. 16 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పుకు 96 చదరపు అడుగులు. అంటే 430 పైచిలుకు. గాడి ముందుగోడ, వెనకగోడ, రెండు చివరలూ కలిపి 700 దాకా అయ్యాయి. పగిలేవి, విరిగేవి కలుపుకుని 1250 తెప్పించాం. దింపేటప్పుడు దగ్గర నిలబడి వరుసపెట్టి లెక్కపెట్టించుకోండి. మేము లెక్కపెట్టుకున్నాం గనుక లోడులో తగ్గినవి మర్నాడు మళ్ళీ తెచ్చి వేశారు.

ఇటుకను పేర్చేముందు నీళ్ళతొట్టిలో ముంచాలి. బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి, పైతడి ఆరాక వాడాలి. ఈ పని ఎందుకో మొదట మాకూ తెలియదు. ఎండు ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది. నీరు పోయిన సిమెంటు గట్టిపడదు, ఇసుకలా మిగిలిపోతుంది. మా పాత గాడి గోడను పగలగొట్టినప్పుడు చాలా ఇటుకలు సుత్తి తగలకుండానే చేత్తో ఊడివచ్చాయి. అప్పుడు అర్థమైంది. ఈ నానబెట్టే పనంతా మా ఇంటి ఆడవాళ్ళు చేశారు. రోజూ ఉలవలు నానబెట్టేవాళ్ళకు ఒకరు చెప్పాలా అని మా వదిన అన్నది.

మాలు గురించి. గోడకు సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్ళు. నేలకూ, కాలువకూ, గాడి లోపలి పూతకూ సిమెంటు ఒక పాలుకు ఇసుక నాలుగు పాళ్ళకు మించకూడదు. బస్తా సిమెంటు 50 కిలోలు, కొలతకు దాదాపు 35 లీటర్లు. కనుక 35 లీటర్ల కొలత ఒకటి పెట్టుకుంటే లెక్క తప్పదు. మన పాలక్యాను 40 లీటర్లు గదా, దానితోనే కొలవవచ్చుగా అని వెనకనుంచి ఎవరో అంటున్నారు. సంఘం క్యానులో ఇసుక పొయ్యమని మేము చెప్పలేదు. కార్యదర్శిగారు మా వైపే చూస్తున్నారు. పాత డబ్బా ఏదైనా చూసుకోండి. తట్టల లెక్కన మాత్రం పోయవద్దు. తట్ట ఒకసారి గుండుగా, ఒకసారి తలకొట్టి వస్తుంది.

సిమెంటూ ఇసుకా పొడిగా ఉన్నప్పుడే రంగు ఒక్కటయ్యేదాకా తిరగెయ్యాలి. తరువాత నీళ్ళు కొద్దికొద్దిగా పొయ్యాలి. పనివాళ్ళకు పలచటి మాలు ఇష్టం, తాపీ సులువుగా ఆడుతుంది. పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు ఆ పూటే చెబుతుంది, మాలులో నీళ్ళు ఎక్కువైతే గోడ ఆరునెలలకు గాని చెప్పదు. అరగంటలో వాడుకోగలిగినంతే కలపండి. బిగుసుకుపోయిన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి మెదిపి వాడడం చాలాచోట్ల చూస్తున్నాం. అది చచ్చిన మాలు. పారవెయ్యడమే మేలు.

పేర్చేటప్పుడు రెండు చివరలా మూలలు ముందు ఎత్తి, వాటి మధ్య దారం లాగి, దారం వెంట వరుస పెట్టాలి. దారానికి ఇటుక తగలకూడదు, వెంట్రుకవాసి ఎడం ఉండాలి. తగిలిందంటే దారం బయటికి తోసుకుపోయి వరుస పొట్ట పెడుతుంది. ఇటుక మీద ముద్ర గుంత ఉంటే గుంత పైకి రావాలి. మాలు దానిలో కూర్చుని పట్టు ఇస్తుంది. అతుకు మందం చిటికెనవేలంత, అంటే సెంటీమీటరు. కింది వరుసలో రెండు ఇటుకల మధ్య వచ్చిన నిలువు అతుకు మీద పై వరుసలో ఇటుక నడుము రావాలి. అతుకు మీద అతుకు వస్తే అక్కడే బీట తీస్తుంది. ఇవన్నీ మేస్త్రీలు ఎట్లాగూ చేస్తారు. వాళ్ళు చెయ్యనిదీ, మీరు కనిపెట్టి చూడవలసినదీ నిలువు అతుకులు. అడుగున మాలు నిండుగా వేసి, పక్కల మాత్రం బయటికి కనబడే అంచున కొంచెం రాసి ఇటుక తోసేస్తారు. లోపల బోలుగా ఉంటుంది. ఇంటి గోడకైతే పూత వేసి కప్పెయ్యవచ్చు. గాడిగోడలో ఆ బోలులోకి కుడితినీళ్ళు దిగి, చీమలూ పురుగులూ చేరతాయి.

గాడికి గేదె వైపు గోడ 20 అంగుళాల ఎత్తు పెట్టాం. గాడి లోతు 16 అంగుళాలు. అంటే గాడి అడుగు నిలబడే నేలకంటే 4 అంగుళాలు పైన ఉంటుంది. వెడల్పు రెండడుగుల పైన. అవతలిగోడ మూడడుగుల ఎత్తు, మేత ముందుకు తోసి పారబోయకుండా. రెండు గోడలూ 9 అంగుళాల మందం. ఇటుకలు కలిసివస్తాయని మొదటిసారి ముందుగోడను నాలుగున్నర అంగుళాల మందంలో కట్టించి, దానికే కట్టుకొక్కెం పెట్టించాం. ఈగలు కుట్టి తల విసిరిన గేదె ఒకటి ఆ కొక్కేన్నీ, దానితో మూడు వరుసల ఇటుకలనూ లాక్కుపోయింది. ఈసారి కొక్కెం వచ్చేచోట రెండు ఇటుకల మేర ఖాళీ వదిలి, ఇనుపకడ్డీని వంచి నిలిపి, చుట్టూ కంకర కాంక్రీటు పోశాం. ఎంత గుంజినా కదలలేదు.

గాడి లోపల మూలలన్నీ గుండ్రంగా తీర్చాలి. దీనికి మేము చేసిన ఉపాయం, ఖాళీ సీసా. పచ్చి పూత మీద సీసాను అదిమి లాక్కుపోతే మూల చక్కగా గుండ్రంగా వస్తుంది. మెరుగు పెట్టాలనే ముచ్చట ఉంటే ఇక్కడ పెట్టించుకోండి. గాడి లోపల ఎంత నునుపుగా ఉంటే అంత మంచిది. గేదె నాకి శుభ్రం చేస్తుంది, మీరు కడిగినా సులువుగా పోతుంది. గాడికి ఒక చివర వైపు కొద్ది వాలు, ఆ చివర తూము పెడితే కడిగిన నీళ్ళు నిలవవు.

ఇక నేల. మాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది దీనికే. గరుసు మీద సిమెంటు 1, ఇసుక 4, కంకర 8 పాళ్ళ కాంక్రీటు 4 అంగుళాలు పోశాం. వాలు ఇక్కడే రావాలి. పైన మాలుతో సరిచేద్దామంటే కుదరదు. వాలు ఎంత అంటే 40కి 1. ఆరడుగులకు లెక్కవేస్తే దాదాపు అంగుళంముప్పావు. గాడి దగ్గర ఎత్తు, కాలువ దగ్గర పల్లం. ఇంతకంటే వాలు ఎక్కువైతే చూడిగేదెలకు వెనక బరువు పెరిగి కష్టమవుతుంది. తక్కువైతే మూత్రం నిలుస్తుంది. మేము ఆరడుగుల బద్ద ఒకటి చేసుకుని, దాని ఒక చివర కింద అంగుళంముప్పావు చెక్కముక్క మేకులతో కొట్టాం. చెక్క ఉన్న చివర కాలువ వైపు పెట్టి, పైన రసమట్టం పెడితే, బుడగ మధ్యకు వచ్చినప్పుడు వాలు సరిపోయినట్టు. ఈ బద్ద లేకుండా కంటితో వాలు పెట్టబోయి అన్నదమ్ములం ఒకపూటంతా పోట్లాడుకున్నాం. ఎవరి కన్నుకు వాళ్ళదే సరిగా ఉంది.

ఆ కాంక్రీటు మీద మాలు పరిచి, ఇటుకలను పక్కకు నిలిపి, పొడవు గాడికి సమాంతరంగా వచ్చేట్టు వరుసలు వేశాం. అతుకుల్లో 1కి 3 పాళ్ళ మాలు నింపి, ఇటుక అంచుకంటే ఒక గోరు మందం లోపలికి నొక్కాం. ఆ సన్నటి గాళ్ళే గిట్టకు పట్టు. గేదె వెనకకు జారబోతే గిట్ట అంచు వరుస గాడిలో ఆగుతుంది. పైగా ఇటుక సిమెంటంత చల్లగా ఉండదు. చలికాలంలో పొదుగు ఆనించి పడుకునే గేదెకు ఆ తేడా తెలుస్తుంది. అతుకుల మీద మాలు మెత్తి నేలంతా ఒక్కటి చెయ్యబోయే పనివాణ్ణి ఆపండి. మరీ లోతుగా వదిలినా పేడ చేరి కడగడం కష్టం.

ఇప్పటికే నున్నటి సిమెంటు నేల ఉన్నవారు మాలాగ పగలగొట్టుకోనక్కర లేదు. ఉలీ సుత్తీ పట్టుకుని, జానెడు జానెడు ఎడంగా అడ్డంగానూ నిలువుగానూ అర అంగుళం లోపు గాట్లు కొట్టించండి. కొత్తగా సిమెంటు నేలే వేయించుకునేవారు మాలు పచ్చిగా ఉండగానే కర్రతో ఆ గళ్ళు గీయించుకుంటే సరిపోతుంది. ఇప్పుడు రబ్బరు చాపలు కూడా దొరుకుతున్నాయి. మంచివే. కాని వాటికింద మూత్రం నిలవకుండా అప్పుడప్పుడు ఎత్తి కడగాలి, అవి వేసినా వాలు మాత్రం ఉండవలసిందే.

కాలువ అడుగు వెడల్పు, రెండు మూడు అంగుళాల లోతు, అడుగు గుండ్రంగా. మా ఊళ్ళో ఒకరు లోతుగా, నిటారు అంచులతో కాలువ కట్టించారు. కాలు పడితే విరుగుతుందని ఇప్పుడు పైన బండలు కప్పారు, బండల కింద ఏముందో ఎవరూ చూడరు. కాలువ నిస్సారంగా, పార ఆడేట్టు ఉండాలి. దాని వాలు చావిడి బయట పంచితం గుంట వైపు. ఆ గుంటలోది ఎరువుదిబ్బ మీద పోస్తున్నాం, పొలానికి పోతుంది.

సిమెంటు దిమ్మల సంగతి అడిగారు. బయటి అరగోడకు అవి బాగానే ఉంటాయి, పని త్వరగా తెములుతుంది, మాలు తక్కువ పడుతుంది. ఇటుకను నానబెట్టినట్టు దిమ్మను నానబెట్టకూడదు. నీళ్ళు తాగిన దిమ్మ ఆరేటప్పుడు కుంచించుకుని అతుకులు విడతాయి. పైన కాసిని నీళ్ళు చిలకరిస్తే చాలు. బోలు దిమ్మలకు కట్టుకొక్కేలు, తలుపు బందులు వచ్చేచోట బోలులో కాంక్రీటు నింపాలి. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే ఇటుకలు కూడా ఇప్పుడు మన జిల్లాల్లో విరివిగా వస్తున్నాయి. కొలత తప్పకుండా ఉంటాయి గనుక గోడకు అనువైనవి. వాటికీ పైపైన తడి చాలు. అరగోడను నాలుగడుగులకు మించి లేపవద్దు. గాలి ఆడక చావిడిలో మూత్రపు ఘాటు నిలిస్తే, ఆ వాసన పాలకూ పడుతుంది.

కట్టడం అయింది గదా అని ఊరుకోకూడదు. ఏడురోజులకు తక్కువ కాకుండా నీళ్ళు పట్టాలి. గోనెపట్టాలు కప్పి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తడపాలి. మా వేసవి ఎండకు మేము పదిరోజులు తడిపాం. ఒక్క రోజులో గోడను మూడు నాలుగు అడుగులకు మించి లేపకండి. కింది వరుసలు పచ్చిగా ఉండగా పై బరువు పడితే కుంగుతాయి. మొదటిసారి మేము మూడోరోజే గేదెలను లోపల కట్టేశాం, వాన వస్తున్నదని. అప్పుడు గాడి అంచులు రాలాయి. రెండోసారి మూడు వారాలు చింతచెట్టు కింద కట్టుకున్నాం. పాలు పూటకు కొంచెం తగ్గాయి. పోనీలే అనుకున్నాం.

ఈ చావిడి కట్టాక మాకు పొదుగువాపు అసలే రాలేదని చెబితే అబద్ధమవుతుంది. ఒకసారి వచ్చింది, అది మేము పితికాక చన్ను కడగకపోవడం వల్ల. కాని వానాకాలంలో తడి పొదుగుతో గేదె లేచే రోజులు పోయాయి. మా పాలు విరిగినాయని కేంద్రం నుంచి తిరిగివచ్చినది లేదు. ఒక ఇంటి పాలు చెడితే క్యానెడు పాలూ పోతాయని మీకు వేరే చెప్పనక్కర లేదు, అందరం ఒక క్యానులోనే పోస్తున్నాం.

మేము చేసుకున్న వాలు బద్దనూ, నీళ్ళ గొట్టాన్నీ, దారానికి కట్టిన గుండునూ సంఘం గదిలో తూకం బల్ల వెనకాల పెట్టాం. కావలసినవారు కార్యదర్శిగారి దగ్గర పుస్తకంలో పేరు రాయించుకుని తీసుకువెళ్ళవచ్చు. బద్దకు కొట్టిన చెక్కముక్క మాత్రం ఊడదియ్యకండి. మీ జాగా ఆరడుగులు కాక ఐదున్నరైనా, ఆ బద్దనే వాడుకోవచ్చు, వాలు మారదు. కట్టడం మొదలుపెట్టే రోజు కబురు చేస్తే అన్నదమ్ములం ఇద్దరిలో ఒకరం వచ్చి ముగ్గు పోసేటప్పుడు దగ్గర ఉంటాం. పాలు పోసే వేళ కాకుండా చూసుకుని పిలవండి.